చిత్రిక పట్టిన బొండ

నిడుగల్లు,
బహుధాన్య సంవత్సరం, మార్గశిర బహుళ తదియ

చిరంజీవి కదిరయ్యను దీవించి నీ తల్లి గుండమ్మ, ఒకరి చేత రాయించక, తన చేత్తోనే రాసుకునే జాబు.

ఇక్కడ అందరమూ క్షేమం అని మొదట రాయడం మర్యాద గనక రాస్తున్నాను. నువ్వక్కడ వేళకు అన్నం తింటూ, పెద్దవాళ్ళ మెప్పు పొందుతూ క్షేమంగా ఉన్నావని నీ జాబువల్ల తెలిసింది. సంతోషం. సంతోషం అనే మాట దగ్గర కలం కాగితాన్ని చింపింది, నీకు కనిపించే చిరుగు అదే.

నీ జాబు వచ్చి చాలా రోజులైంది. వెంటనే బదులు రాద్దామని కూర్చుంటే రాయలేకపోయాను. ముసలిది, అక్షరాలు మరిచిపోయింది అనుకుంటావు. కోపం నాయనా. నాలుగు మాటలు రాయడం, చింపడం, పొయ్యిలో వేయడం. ఇంట్లో కాగితాలు అయిపోతే సంతనాడు పావగడ నుంచి మళ్ళీ తెప్పించుకున్నాను. మా నాయన ఇసుకలో వేలు పట్టి దిద్దించిన అక్షరాలు కన్నకొడుకును తిట్టడానికి పనికొస్తాయని ఆయన అనుకొని ఉండడు.

ముందు నువ్వు అడిగినవాటికి బదులు. ఎర్రావు ఈనింది, కోడెదూడ. కాయ ఊరే వేళకు వాన మొహం చాటేసింది, వేరుశనగలో సగం తాలు. రాగులు కళ్ళంలో తొక్కించి ఇంటికి చేర్చాం, తిండికి కొరత లేదు. నీ పనిముట్లు, ఉలులూ బాడిసా చిత్రికలూ, నూనెగుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను, తుప్పు పట్టలేదు. ఎదురింటి కమ్మరి ఓబన్నకు దగ్గు తగ్గింది, కొలిమి రోజూ వెలుగుతోంది. ఆ తర్వాత నువ్వు అడిగింది, 'బొండకు చెదలు పట్టలేదు కదా, వేపనూనె పూయిస్తూ ఉండు' అని.

అదిగో, ఆ మాట దగ్గరే కాగితాలన్నీ పొయ్యిలోకి పోయాయి. బొండకు చెదలా! రెండు చండ్ర దుంగలు, వాటి మధ్య కాళ్ళకు రెండు కంతలు, పక్కన ఇనుప శీల. వెనకటికి దొంగల కాళ్ళకు వేసేవారు. అందులో కాళ్ళు పెట్టించుకుని కూర్చున్నది నీ పెళ్ళాం, మా అన్న బిడ్డ హొన్నమ్మ. ఆ కాళ్ళకు పుండ్లు పడ్డాయా అని అడగలేదు నువ్వు. కొయ్యకు చెదలు పట్టిందా అని అడిగావు. వడ్రంగివి కదా, కొయ్య మీదే నీ ప్రాణం. ఈ ప్రశ్నకు బదులు చివర రాస్తాను. మధ్యలోవి వదిలేసి అక్కడికి దూకావంటే నా మీద ఒట్టే.

నీ జాబులో మూడువంతులు నీ ఆసుపత్రి గొప్పలే. మొదటి జాబు నుంచీ అదే. పట్నంలో మతి చలించినవాళ్ళ కోసం కొత్తగా కడుతున్నారనీ, అక్కడి మంచాలూ తలుపులూ కిటికీలూ నీ చేతి మీదుగా అవుతున్నాయనీ. మంచం మోకాటి ఎత్తు కూడా ఉండకూడదట, నిద్రలో దొర్లి పడినా దెబ్బ తగలకూడదని. ఏ కొయ్యకూ పదునైన మూల ఉండకూడదట, అన్నీ గుండ్రం చేయాలట. మేకు తల బయటికి కనిపించకూడదట. గోడకు కొక్కెం గాని చిలక్కొయ్య గాని ఉండకూడదట, మనసు బాగాలేనప్పుడు తమకు తామే కీడు చేసుకుంటారని. కిటికీ బాగా కిందికి పెట్టాలట, కూర్చున్నవాళ్ళకు బయటి చెట్టు కనిపించాలని. కొయ్య నునుపు అరచేత్తో చూస్తే చాలదు, అరచేయి మొద్దు, చెంప పెట్టి చూడు అని అక్కడి డాక్టరు చెప్పాడనీ, నువ్వు ప్రతి మంచానికీ చెంప ఆనించి చూస్తున్నావనీ వెనకటి జాబులో రాశావు.

మొదటిసారి చదివినప్పుడు మురిసిపోయాను, దాచను. ఇంటికి వచ్చినవాళ్ళకు చదివి వినిపించాను కూడా. ఆ చెంప మాట చదువుతూ ఉండగా వెనక గదిలో హొన్నమ్మ కాలు కదిపింది, బొండ శీల గలగలమంది. వింటున్నవాళ్ళు తలలు దించుకున్నారు. ఎవరి భార్యకో, ఎవరి బిడ్డకో గీసుకుపోతుందని మంచానికి చెంప ఆనించేవాడు, తాళి కట్టినదాని కాళ్ళకు దుంగలు బిగించి పోయాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే. చెప్పేవి శ్రీరంగనీతులు, ఆ సామెతలో మిగతా సగం నువ్వే పూరించుకో, తల్లి చేత రాయించుకోకు.

తప్పంతా నీ ఒక్కడిదే అనను. పురిట్లో బిడ్డ పోయింది. పాలు పొంగి రవిక తడుస్తుంటే హొన్నమ్మ బావి గట్టు మీద కూర్చుని, లోపల బిడ్డ ఏడుస్తోందని వంగి వంగి చూసేది. దూకేస్తుందని ఊరంతా అంది. నువ్వు పనిపాకలో దూరి తలుపేసుకున్నావు. బయటికి వచ్చేసరికి బొండ తయారు. ఎంత నున్నగా చిత్రిక పట్టావో! చూడవచ్చినవాళ్ళు వేళ్ళతో రాసి చూసి, 'ఏం పనిమంతుడప్పా, ఒక్క పేడు లేదు' అన్నారు. పైదుంగ దించితే చాలు, శీల తనంతట తానే గాడిలో పడేట్టు చేశావు, ఇంకొకరి సాయం అక్కర్లేకుండా. లోపల ఉన్నవాళ్ళ చేయి అందనంత దూరంలో పెట్టావు. కొన్నాళ్ళేలే అన్నావు, నేనూ సరే అన్నాను. తర్వాత నువ్వు పట్నం పోయావు, బొండ ఇక్కడే ఉండిపోయింది.

ఈసారి మహర్నవమి ఎలా జరిగిందో విను. నీ పనిముట్లన్నీ కడిగి వరసగా పేర్చాను. బొట్టు పెట్టడానికి ఓబన్న పెళ్ళాం వెంకటక్కను పిలిచాను, మొగుడు పోయినదాన్ని నేను కుంకుమ ముట్టుకోకూడదు కదా. అదే వేళకు బలసముద్రం మల్లేశప్ప వచ్చి వసారాలో కూర్చున్నాడు. దూరపు చుట్టం, పండక్కి వచ్చాడనుకున్నాను. వెంకటక్క ఉలికీ రంపానికీ బొట్టు పెట్టడం చూసి,

"ఏమక్కా, బొండకి పెట్టరా? అదీ కదిరయ్య చేతి పనే కదా. ఇంట్లో ఉండే సామానుకంతా పెట్టల్ల ఈ పొద్దు" అన్నాడు.

మాకు బుద్ధి ఏమైందో! కొయ్యకూ ఇనుముకూ ఆ రోజు బొట్టు తప్పకూడదని పుట్టినప్పటి నుంచీ వింటున్నవాళ్ళం. వెంకటక్క భరిణ తీసుకుని లోపలికి పోయింది, నేను వెనకే పళ్ళెం పట్టుకుని. పైదుంగకు పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, చేమంతి పువ్వు పెట్టింది. హొన్నమ్మ అంతా చూస్తూ ఉంది. వెంకటక్క లేవబోతుంటే అడిగింది.

"అక్కా, నాకు పెట్టవా బొట్టు?"

వెంకటక్క భయపడి భరిణ అక్కడే వదిలి బయటికి నడిచింది. ముత్తైదువ మర్యాద దుంగకు జరిగింది, ముత్తైదువ నేల మీద కాళ్ళు చాపుకుని చూస్తోంది. ఒళ్ళు మండిపోయింది నాకు. మల్లేశప్ప మీద, వెంకటక్క మీద, నీ మీద, అందరికన్నా ఎక్కువ పళ్ళెం పట్టుకున్న నా మీద. ముండమోసిన చేత్తోనే కుంకుమ తీసి హొన్నమ్మ నుదుట పెట్టాను. కూడదని తెలుసు. బొండలో కాళ్ళు ఉన్నదానికి అంతకన్నా కీడు నా చేయి ఏం చేయగలదు? కుంకుమ ముక్కు మీద రాలితే నవ్వింది. ఆ పూట వండినవి ఎవరు తిన్నారో నాకు గుర్తులేదు.

ఇప్పుడు హొన్నమ్మ బొండలో లేదు. ఎలా బయటికి వచ్చిందో తర్వాత రాస్తాను, ముందు ఎక్కడ ఉందో విను. నీ పనిపాకలో ఉంది. నీ జాబులన్నీ ముందేసుకుని, నువ్వు ఊరివాళ్ళ బిడ్డలకు ఏమేం చేశావో చూసి, అవన్నీ నీ పెళ్ళానికి చేయించాను. వడ్రంగి ఇంట్లో వడ్రంగి లేడు గనక చాలామటుకు మన్నుతో చేసుకున్నాం, ఓబన్నా నేనూ.

నులకమంచం వద్దనుకుని గోడవారగా మట్టి తిన్నె వేశాం, జానెడు ఎత్తున. దాని అంచులు నా చేత్తో గుండ్రంగా అలికాను. మీద గొర్రెబొచ్చు కంబళి పరిచాను. దూలానికి ఉట్టి వేలాడదీసే కొక్కెం ఓబన్న పీకేశాడు. దూలమే అందకుండా కింద వెదురు తడిక కట్టి మన్ను మెత్తాం. గోడ గూటికి రాతి అంచు కత్తిలా ఉండేది, దాన్నీ మెత్తాం. దీపం లోపల పెడితే నాకు భయం, పెట్టకపోతే చీకటికి దానికి భయం. అందుకని నా గదికీ ఆ గదికీ మధ్య గోడలో పైన చిన్న కంత చేసి, దీపం నావైపు పెట్టాను. ఇత్తడి చెంబు తీసేసి సొరబుర్ర ఇచ్చాను. ఊళ్ళోవాళ్ళు దారిన పోతూ పోతూ తొంగిచూసి, గుండమ్మకు కూడా పట్టుకుంది అనుకున్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నా మొహం మీదే అన్నారు. అననీ.

కిటికీ ఒక్కటీ మన్నుతో కాదు. దానికి పావగడ నుంచి బైలప్పను పిలిపించాను. మీ వృత్తివాడే, నీ ఈడువాడే. మేకులు తలలు బయటికే ఉండేట్టు కొట్టాడు. తీసి లోపలికి దించమన్నాను. మూలలు గుండ్రం చేయమన్నాను. వాడికి తిక్క పుట్టింది.

"ఏందక్కా, పిచ్చిదానికి ఇంత నాజూకా? మా ఇండ్లల్లోనే ఇట్ల చేసుకోము. ఇంత కష్టము ఎందుకు, చెప్పినావంటే ఇంకొక బొండ చేసిస్తా, కదిరయ్య చేసిందానికన్నా గట్టిగా ఉంటాది."

"మీ ఇంట్లో తల కొట్టుకునేవాళ్ళు లేరు గాబట్టి మూలలు అట్ల ఉండాయి. ఉన్న దినము నన్ను పిలువు, నీకూ చెప్తా. ఇప్పుడు ఆ మేకులు దించు" అన్నాను.

గొణుక్కుంటూ దించాడు. పని అయ్యాక కిటికీ కొయ్యలకు ఒక్కొక్కదానికీ చెంప ఆనించి చూశాను. బైలప్ప నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాడు. నా చెంప ముడతలు పడిపోయింది, అయినా పేడు ఉంటే తెలుస్తుంది. రెండుచోట్ల తెలిసింది, మళ్ళీ చిత్రిక పట్టించాను. ఇప్పుడు తిన్నె మీద కూర్చుంటే కొండా, కొండ మీది కోటగోడా, కింద మేసే మేకలూ కనిపిస్తాయి.

అన్నీ నీ జాబుల ప్రకారం చేసి, ఇంక బాగవుతుంది అనుకున్నాను. గదిలో ఏమీ లేకుండా చేశాను కదా, హొన్నమ్మ కూడా ఏమీ లేనిదానిలాగే గోడవైపు తిరిగి కూర్చుంది. తినదు, పలకదు. బొండలో ఉన్నప్పుడైనా నన్ను తిట్టేది. నాకు నీ డాక్టరు మీద కూడా కోపం వచ్చింది. దెబ్బ తగలకుండా ఏమేం తీసేయాలో చెప్పాడు గానీ మనిషికి ఏం ఇవ్వాలో చెప్పలేదే అని. ఆయన చెప్పే ఉంటాడు. కొయ్యపని కాదు గనక నువ్వు విని ఉండవు.

ఒక పొద్దున తనే అడిగింది. "అత్తా, మన ఇసుర్రాయి యాడ పెట్టినావు?"

ఓబన్న వద్దంటే వద్దన్నాడు. "రాయి లోపల పెట్టేది మంచిది కాదు గుండక్కా. ఎత్తి తల మీద యేసుకుంటే ఎవరు జవాబు చెప్పేది?"

"ఎత్తలేనట్టు చెయ్యి మరి. అంత పెద్ద కొలిమి పెట్టుకున్నావు, ఎందుకు?" అన్నాను.

కింది రాయి నేలలో పాతించాను. పైరాయి తిరుగుతుంది గానీ లేవకుండా ఓబన్న నడుమ ఇనుపకట్టు బిగించాడు. శుభ్రం చేయాలంటే వాడే వచ్చి విప్పాలి, వస్తున్నాడు. పిడి పొట్టిగా, లావుగా, మొద్దుగా పెట్టాం. ఇప్పుడు ఇంటి రాగులన్నీ హొన్నమ్మే విసురుతుంది. నయమైపోయిందని రాయను, అబద్ధం నాకెందుకు. ఒక్కోనాడు రాయి నోట్లో గింజలు పోస్తూ, పోయిన బిడ్డకు పెడుతున్నట్టు మాట్లాడుతుంది. మొన్న అమావాస్యకు తలుపు బాదింది, పట్టుకోబోతే నా చేయి కొరికింది. ఈ జాబు రాస్తున్నది ఆ చేత్తోనే. అయినా తింటోంది, నిద్రపోతోంది, పిలిస్తే పలుకుతోంది.

ఇక నీ జాబు అడుగున, వీలుంటే చదువు లేకపోతే లేదు అన్నట్టు రాసిన సంగతి. మాఘంలో వస్తావట. మల్లేశప్ప కూతురిని చేసుకుని పట్నం తీసుకుపోతావట. నువ్వు వచ్చేలోగా హొన్నమ్మను బండిలో పుట్టింటికి, వెంకటమ్మనహళ్లికి పంపేయాలట. బొండ కూడా బండిలో వేసి పంపమన్నావు, అక్కడివాళ్ళకు అంత బాగా చేసుకోవడం రాదని. ఎంత ముందుచూపు నాయనా నీది! వెంకటమ్మనహళ్లిలో ఎవరున్నారు? మా అన్న పోయాడు. మా వదినెకు కళ్ళు కనబడవు. గుడ్డిదాని చేతికి మతిలేనిదాన్ని అప్పగించి, మధ్యలో బొండ పెట్టి, నువ్వు పట్నంలో మంచాలకు చెంప ఆనిస్తూ ఉంటావు.

మల్లేశప్ప మళ్ళీ వచ్చాడు, ముహూర్తం మాట్లాడటానికి. వసారాలో కూర్చుని తీరిగ్గా ఆకులు నమిలాడు.

"మాఘంలో మంచి దినము ఉండాదక్కా. ఆ యమ్మిని ముందే పంపించేస్తే మా పాప మనసు నెమ్మదిగా ఉంటాది. నువ్వూ పెద్దదానివైతివి, ఇంకెన్నాళ్ళని సాకుతావు?"

పనిపాక కిటికీ వసారా పక్కనే, మాటలన్నీ లోపలికి వినిపిస్తాయి. హొన్నమ్మ విసురుడు ఆపింది. కిటికీ కొయ్యల మధ్య నుంచి సొరబుర్రతో నీళ్ళు అందించింది. ఇంటికి వచ్చినవాళ్ళకు నీళ్ళు ఇవ్వాలన్నది దానికి ఎప్పుడూ తప్పలేదు. మల్లేశప్ప చేతులు ఒళ్ళోకి లాక్కున్నాడు.

"తాగప్పా. పిచ్చి నీళ్ళల్లో లేదు" అంది.

అప్పుడు చెప్పాను నేను. "మల్లేశప్పా, ఇది నా మొగుడు కట్టిన ఇల్లు. నేను బతికుండేంత వరకు ఈ యమ్మి ఈడే ఉంటాది. మా వాడికి నీ కూతుర్ని ఇస్తే ఇచ్చుకో, ఆపేదానికి నేనెవరు? కానీ ఒక మాట ఇను. మీ పాపకీ కాన్పు అయితాది. దేవుడి దయ, బాగానే జరగనీ. జరగకపోతే మాత్రం మా వాడికి బొండ చేసేది బాగా వచ్చు. నువ్వు యాడికీ పోయి చేపించుకునే పని లేదు."

తువ్వాలు కూడా మరిచిపోయి లేచాడు. మనిషిని పంపి తువ్వాలు ఇప్పించాను. తర్వాత ఆ ఇంటి నుంచి కబురు లేదు. సంబంధం చెడగొట్టింది ఎవరో వాళ్ళ నోటా వీళ్ళ నోటా నీకు తెలిసేలోగా నేనే రాస్తున్నాను. నేనే చెడగొట్టాను. మళ్ళీ ఎవరు వచ్చినా ఇదే చెబుతాను.

ఇక బొండ సంగతి. ఇది ఓబన్నకు కూడా పూర్తిగా చెప్పలేదు.

మహర్నవమి దాటిన తర్వాత, ఊరంతా చేలల్లో వేరుశనగ పీకుతున్న రోజులు. ఒక మధ్యాహ్నం హొన్నమ్మకు తల అంటి, పెరట్లో ఎండకు కూర్చోబెట్టాను. బొండ మీది కుంకుమ చూస్తే ఒళ్ళు మండుతోందని తడిగుడ్డ తీసుకుని తుడవడానికి లోపలికి పోయాను. కంతల లోపల తుడుస్తుంటే వేలికి నునుపు తగిలింది. ఆ నునుపు నీ చిత్రిక పట్టింది కాదు నాయనా. కంతలోకి చిత్రిక పోదు, అక్కడ నువ్వు ఉలితో చెక్కి గరుకుగానే వదిలేశావు. అది నున్నబడింది హొన్నమ్మ కాళ్ళతో.

ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. కూర్చుని కాళ్ళు పెట్టాను, పైదుంగ దించాను. శీల టక్కున గాడిలో పడింది, నువ్వు చేసినట్టే. చేయి చాచాను, అందలేదు. నువ్వు చేసినట్టే.

మొదట నవ్వొచ్చింది. తర్వాత కేకలు వేశాను, ఓబన్నా, వెంకటక్కా అని. వాళ్ళూ చేనికి పోయారు. సందులో ఎవరో ఆడవాళ్ళు గంపలతో పోతున్న మాటలు వినిపించాయి. "నేను గుండమ్మను, ఎవరన్నా వచ్చి తీయండమ్మా" అని అరిచాను.

"పాపం, ఈ పొద్దు వాళ్ళత్త పేరు చెప్పుకోని అరస్తా ఉండాది సూడు" అంది ఒకామె.

ఇంకొకామె నవ్వింది. వెళ్ళిపోయారు. ఈ ఇంట్లోంచి అరుపు వినిపిస్తే ఎవరూ ఆగరు కదిరయ్యా. అలా మనమే అలవాటు చేశాం.

పిక్కలు గుంజాయి, తర్వాత నడుము, తర్వాత నొప్పి ఎక్కడిదో తెలియలేదు. కాలు దురద పెడితే గోక్కోవడానికి లేదు. ఒంటికి వచ్చింది, ఎంతసేపని ఆపుకుంటాను? నీకు గోచి పెట్టి పెంచినదాన్ని, ఉన్నచోటే తడిసిపోయాను. రాయడానికి సిగ్గుపడను. హొన్నమ్మకు ఇది రోజూ జరిగేది, తుడిచేది నేనే, తుడిచేటప్పుడు విసుక్కునేదాన్ని.

తలెత్తితే గడపలో హొన్నమ్మ నిలబడి ఉంది. తడి జుట్టు, వెనక పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది, అవతల బావి. నాకు భయం వేసింది. దానికి ఏమవుతుందోనని కాదు, ముందు నాకేం చేస్తుందోనని. ఈ చేతులే కదా దాన్ని రోజూ ఇందులో పెట్టి దుంగ దించింది. అది చాలాసేపు చూసింది. బావివైపు పోవచ్చు. వీధిలోకి పోవచ్చు. ఏమీ చేయక పోయి ఎండకు కూర్చున్నా నేను ఒక్క మాట అనలేను. దగ్గరికి వచ్చి వంగి శీల పట్టుకుంది.

"ఊరికే గుంజితే రాదత్తా. కొంచెము పైకెత్తి గుంజల్ల" అంది.

చేయి అందకపోయినా రోజూ చూసి చూసి నేర్చుకుంది. తీసింది. పైదుంగ ఎత్తింది. నూనె గిన్నె తెచ్చి, నా తడిచీర చూసి ముక్కు మూసుకోకుండా, కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని రాసింది.

"మొదట్లో శానా మండుతాదత్తా. తర్వాత తర్వాత తెలీదులే" అని నన్నే ఓదార్చింది.

మీ నాయన పోయినప్పుడు ఏడ్చానో లేదో, ఆ రోజు ఏడ్చాను. ఓబన్న చేను నుంచి వచ్చీ రాగానే గొడ్డలి తెమ్మన్నాను. ఎందుకని అడిగి, నా మొహం చూసి తెచ్చాడు. నీ ప్రశ్నకు బదులు ఇదీ: చెదలు పట్టలేదు. చేవ ఉన్న కొయ్య, గొడ్డలికి లొంగనంది, ఓబన్న చేతులు బొబ్బలెక్కాయి. ఆ చెక్కలతో నీళ్ళు కాచి ముందు హొన్నమ్మకు పోశాను, తర్వాత నేను పోసుకున్నాను. బాగా మండింది.

ఆసుపత్రి పని మానుకోమని నేను చెప్పను. మంచి పని, చెంప ఆనించి చూసుకుంటూనే చేసుకో. మాఘంలో రావాలనిపిస్తే రా. ఇది నీ ఇల్లు కాదని నేను అనను.

కానీ పనిపాక తలుపుకు గడియ లోపలివైపు పెట్టించాను, హొన్నమ్మ తనే వేసుకోవడానికి, తనే తీయడానికి. లోపల గడియ వేసుకుని ఏమన్నా చేసుకుంటే ఎట్లా అని వెంకటక్క అడిగింది. ఆ భయం నాకూ ఉంది. అందుకే అవసరమైతే తలుపునే బయటి నుంచి ఎత్తి పక్కన పెట్టే ఉపాయం చేశాం, నాకూ ఓబన్నకూ తెలుసు. వడ్రంగివి, చూడగానే నీకూ తెలిసిపోతుంది. తెలిసినా చేయి వేయకు. బయట నిలబడి, హొన్నమ్మా, నేను కదిరయ్యను అని పిలువు. తీస్తే లోపలికి పో. తీయకపోతే వసారాలో కూర్చో. సంగటి అక్కడికే తెచ్చి పెడతాను, కన్నకొడుకువి, ఆకలితో పంపను. ఒక పూటైనా సరే, ఒక నెలైనా సరే, ఆ గడియ హొన్నమ్మే తీయాలి.

ఇట్లు,
హొన్నమ్మ మేనత్త, నీ తల్లి
గుండమ్మ